ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చాక

చావు అంచుదాకా వెళ్లొచ్చిన కుక్కను ఇంటికి తెచ్చుకున్నవాళ్ల కోసం ఈ ప్రసంగం. టిక్ ఫీవర్ ముదిరి ప్లేట్‌లెట్లు పడిపోయిన ల్యాబ్రడార్ కావచ్చు, మే నెల ఎండలో వడదెబ్బ తగిలిన పగ్ కావచ్చు, కడుపు ఉబ్బి మెలిపడితే అర్ధరాత్రి ఆపరేషన్ చేయాల్సొచ్చిన జర్మన్ షెపర్డ్ కావచ్చు. సెలైన్లు ఎక్కించారు, ఇంజెక్షన్లు చేశారు, చివరికి డాక్టరుగారు "గండం గడిచింది, ఇంటికి తీసుకెళ్లండి" అన్నారు. కారు వెనక సీట్లో దుప్పటి పరిచి, పడుకోబెట్టి తీసుకొచ్చారు. ఇంటిల్లిపాదికీ ప్రాణం లేచొచ్చింది.

ఆ మర్నాటి నుంచి ఇంకో బెంగ పట్టుకుంటుంది. తలుపు చప్పుడైతే పరుగెత్తుకొచ్చే కుక్క ఇప్పుడు లేవదు. గిన్నె మోగితే చెవి మాత్రం కదుపుతుంది. పేరు పెట్టి పిలిస్తే కళ్లు తెరిచి చూసి మళ్లీ మూసుకుంటుంది. ఇది కోలుకుంటున్న నీరసమా, లేక రోగం తిరగబెడుతోందా? ఇంట్లోవాళ్లకు కంటిమీద కునుకు లేకుండా చేసే ప్రశ్న ఇదే. ఒకరేమో "పాపం అలిసిపోయింది, దాని మానాన దాన్ని పడుకోనివ్వండి" అంటారు. ఇంకొకరు బంతి చూపించి, మెడపట్టీ తగిలించి, కాస్త తిప్పుకొస్తే హుషారొస్తుందంటారు. రెండూ ప్రేమతో అనే మాటలే. కానీ గండం గడిచిన మొదటి వారంలో రెండూ ప్రమాదమే. దాన్ని పడుకోనివ్వాలి. అయితే పడుకున్నంతసేపూ ఎవరో ఒకరు గమనిస్తూ ఉండాలి.

ఆ ఎవరో ఒకరు దొరకడమే మన హైటెక్ సిటీ వైపు కష్టం. 1998లో సైబర్ టవర్స్ తెరిచేనాటికి ఇదంతా రాళ్లగుట్టల ప్రాంతం. అప్పట్లో పెంపుడు కుక్క అంటే చాలావరకు పెరట్లోనో వాకిట్లోనో ఉండేది. దానికి సుస్తీ చేస్తే అరుగు మీద కూర్చున్న నానమ్మ కంట్లో పడేది. ఇప్పుడు కొండాపూర్, నానక్‌రామ్‌గూడ, కోకాపేట టవర్లలో ఇరవయ్యో అంతస్తులో పెరుగుతున్న కుక్కకు ఇంట్లో ఉన్నది ఇద్దరు మనుషులు. ఆ ఇద్దరికీ ఉద్యోగాలు. ఒకరికి పగలు ఆఫీసు, ఇంకొకరికి అమెరికా వాళ్ల టైముకి కాల్స్. పిల్లవాడికి జ్వరమని సెలవు అడగడానికి ఎవరూ సంకోచించరు. కుక్కకు బాగాలేదని అడగాలంటే నోరు పెగలదు. మేనేజరు నవ్వుతాడేమోనని కడుపునొప్పో తలనొప్పో అని అబద్ధం చెప్పినవాళ్లు నాకు తెలుసు. ఉన్నమాటే చెప్పండి. మన మీదే ఆధారపడిన ఒక ప్రాణం పక్కన నాలుగు రోజులు కూర్చోవడానికి సిగ్గుపడాల్సిన పనిలేదు.

సెలవు దొరకనివాళ్లు హాల్లో కెమెరా పెట్టి, ఆఫీసులో కూర్చుని ఫోన్‌లో చూసుకుంటున్నారు. అదీ మంచిదే, ఏమీ లేనిదానికన్నా నయం. కానీ కెమెరాలో నిద్రపోతున్న కుక్క, స్పృహ తప్పిన కుక్క ఒకేలా కనిపిస్తాయి. చిగుళ్ల రంగు కెమెరాకి తెలియదు, ఒంటి వేడి తెలియదు. అందుకే మొదటి మూడు నాలుగు రోజులైనా ఇంట్లో మనిషి ఉండేలా వంతులు వేసుకోండి. ఊరి నుంచి అమ్మనో అత్తయ్యనో రమ్మనండి. ఎదురింటివాళ్లకు తాళం ఇచ్చి రెండు గంటలకోసారి చూడమనండి. పనికొచ్చే అక్కకు కూడా ఏం చూడాలో ఒకసారి చూపిస్తే, చాలాసార్లు మనకన్నా ముందు ఆమే కనిపెడుతుంది.

ఏం చూడాలో చెబుతాను. పెదవి పైకెత్తి చిగుళ్లు చూడండి. గులాబీ రంగులో తడిగా ఉండాలి. వేలితో నొక్కి వదిలితే తెల్లబడి, రెండు సెకన్లలోపు మళ్లీ రంగు రావాలి. కొన్ని కుక్కలకు చిగుళ్లే నల్లగా ఉంటాయి. అలాంటప్పుడు కింది కనురెప్పను కొద్దిగా దించి లోపలి రంగు చూడాలి. తర్వాత ఊపిరి. గాఢనిద్రలో ఉన్నప్పుడు పక్కటెముకలు లేచి పడడాన్ని ఒక నిమిషం లెక్కపెట్టండి. ముప్ఫైలోపు ఉంటే మంచిది. ఇక జ్వరం. ముక్కు పొడిగా ఉంటే జ్వరమని, తడిగా ఉంటే లేదని మనవాళ్లలో గట్టి నమ్మకం ఉంది. దాన్ని బట్టి ఏమీ తేల్చలేం. మందుల షాపులో దొరికే డిజిటల్ థర్మామీటర్ కొనండి. దాని కొనకు కాస్త వాజిలిన్ రాసి మలద్వారంలో పెట్టి చూడండి. కుక్కకు మామూలు వేడి 101 నుంచి 102.5 ఫారన్‌హీట్ దాకా ఉంటుంది. మనిషి లెక్కన చూసి 101 అనగానే కంగారుపడి జ్వరం మాత్ర వేసినవాళ్లున్నారు. ఇంట్లో ఉన్న పారాసిటమాల్, ఐబుప్రొఫెన్ కుక్కకు ఎట్టి పరిస్థితుల్లోనూ వేయకండి. కాలేయం, మూత్రపిండాలు దెబ్బతింటాయి, పేగుల్లో పుండ్లు పడతాయి. అసలే చితికిన ఒంటికి ఆ దెబ్బ తట్టుకునే శక్తి ఉండదు.

చూసినదంతా రాసిపెట్టాలి. మనవాళ్లు గూగుల్ షీట్ తయారుచేస్తారు, కానీ అందులో పనికొచ్చే అక్క రాయలేదు, అత్తయ్య రాయలేదు. గోడకున్న తెలుగు క్యాలెండరు గళ్లలో పాలప్యాకెట్ల లెక్క రాసుకున్నట్టు రాస్తే చాలు. ఎంత తింది, ఎంత తాగింది, ఎన్నిసార్లు మూత్రం పోసింది, ఏ రంగులో పోసింది, విరేచనం ఎలా ఉంది, జ్వరం ఎంత. మన మనసు ఒక్కో గంట ఒక్కోలా చెబుతుంది. పొద్దున తోక ఊపితే బాగైపోయిందనిపిస్తుంది, సాయంత్రం అన్నం ముట్టకపోతే ఇక అయిపోయిందనిపిస్తుంది. కోలుకుంటున్న నీరసం రోజురోజుకీ కొద్దికొద్దిగా తగ్గుతూ వస్తుంది. నిన్న లేవని కుక్క ఇవాళ నీళ్ల గిన్నె దాకా నడుస్తుంది. నిన్నటికన్నా ఇవాళ ఒక మెట్టు దిగితే, కారణమేమిటో తెలియకపోయినా డాక్టరుకు ఫోన్ చేయాలి.

నీరసం ఎందుకొచ్చిందన్నది జబ్బును బట్టి ఉంటుంది. హైదరాబాద్‌లో వెట్ డాక్టర్లు నిత్యం చూసే టిక్ ఫీవర్ సంగతే తీసుకుందాం. గోధుమరంగు పిడుదులు, మనవైపు గోమార్లంటాం, వాటి కాటు ద్వారా ఎర్లికియా అనే సూక్ష్మజీవి తెల్లరక్తకణాల్లోకి, బెబీసియా అనే పరాన్నజీవి ఎర్రరక్తకణాల్లోకి చేరతాయి. ఎర్లికియా వల్ల ప్లేట్‌లెట్లు పడిపోతాయి. కుక్క రక్తంలో మైక్రోలీటరుకు సుమారు 2 లక్షల నుంచి 5 లక్షల దాకా ఉండాల్సినవి వేలల్లోకి దిగిపోతాయి. బెబీసియా ఎర్రకణాలను పగలగొడుతుంది, మూత్రం కాఫీ రంగులోకి మారుతుంది. ఎర్రకణాలు తగ్గితే కండరాలకు ప్రాణవాయువు అందదు. కుక్క లేవనిది బద్ధకం వల్ల కాదు, లేవడానికి కావలసిన రక్తం ఒంట్లో లేక. ఎముకల మూలుగ కొత్త కణాలు తయారుచేసి బయటికి పంపడం మొదలుపెట్టడానికే మూడు నుంచి అయిదు రోజులు పడుతుంది, లోటు పూడడానికి వారాలు పడుతుంది. ఆ రోజుల్లో దాన్ని హుషారు చేయాలని మెట్లెక్కిస్తే, ఉన్న కాస్త రక్తంతో గుండె రెట్టింపు పని చేయాల్సి వస్తుంది.

ఎర్లికియాకు ఇచ్చే మందు డాక్సీసైక్లిన్. మామూలుగా 28 రోజుల కోర్సు. మొదలుపెట్టిన రెండు మూడు రోజులకే చాలా కుక్కలు లేచి తిరుగుతాయి. సరిగ్గా అక్కడే చాలామంది మందు ఆపేస్తారు. అలా ఆపితే సూక్ష్మజీవి ఒంట్లో మిగిలిపోవచ్చు. నెలలు, ఒక్కోసారి ఏళ్లు అణిగి ఉండి, చివరికి ఎముకల మూలుగను దెబ్బతీసే దశకు చేరితే అప్పుడు వైద్యం చాలా కష్టం. ఈ మాత్రను మనవాళ్లు పెరుగన్నంలో కలిపి పెడతారు, కుక్క ఇష్టంగా తింటుందని. పాలలో, పెరుగులో ఉండే కాల్షియం ఈ మందును ఒంటికి పూర్తిగా పట్టనివ్వదు. చికెన్ ముక్కలోనో మెత్తటి అన్నం ముద్దలోనో పెట్టి ఇవ్వండి, పెరుగన్నం రెండు మూడు గంటల తర్వాత పెట్టండి. మాత్రను పొడిగా మింగించి వదిలేయకూడదు. గొంతులో ఇరుక్కుంటే అక్కడ పుండు పడుతుంది. పైన కాస్త నీళ్లు తాగించాలి, లేదా ఇంకో ముద్ద తినిపించాలి.

బొప్పాయి ఆకు రసం గురించి అడగని ఇల్లు లేదు. డెంగీ వచ్చినప్పుడు మనుషులు తాగారు కాబట్టి కుక్కకూ పోస్తున్నారు. డాక్టరు రాసిన మందుకు అది బదులు కాదు. పైగా ఆ చేదు రసాన్ని వాంతి వికారంతో ఉన్న కుక్క నోట్లో బలవంతంగా పోస్తే, తినే నాలుగు ముద్దలు కూడా మానేస్తుంది. డాక్టరు సరేనంటేనే ఇవ్వండి.

ప్లేట్‌లెట్లు తక్కువగా ఉన్నన్నాళ్లు గట్టి ఎముకలు, తాడుతో గుంజే ఆటలు వద్దు. పొట్ట మీద ఊదారంగు మచ్చలు వస్తున్నాయా, ముక్కులోంచి రక్తం కారుతోందా, విరేచనం తారులా నల్లగా ఉందా అని చూస్తుండాలి. రక్తం మరీ తగ్గితే ఎక్కించాల్సి వస్తుంది. దాత కోసం సైబరాబాద్ అపార్ట్‌మెంట్ల వాట్సాప్ గ్రూపుల్లో అర్ధరాత్రి సందేశాలు తిరగడం చాలామంది చూసే ఉంటారు. చెన్నైలోని మద్రాస్ పశువైద్య కళాశాలలో కుక్కల రక్తనిధి ఎప్పట్నుంచో ఉంది. కేంద్ర పశుసంవర్ధక శాఖ 2025లో జంతువుల రక్తమార్పిడికి, రక్తనిధులకు దేశమంతటికీ మార్గదర్శకాలు ఇచ్చింది. ఇన్ని వేల పెంపుడు కుక్కలున్న మన నగరంలో ఇంకా వాట్సాప్‌ను నమ్ముకోవాల్సి రావడం నాకు బాధగా ఉంటుంది. ఏడాది నుంచి ఎనిమిదేళ్ల మధ్య వయసు, 25 కిలోలకు పైగా బరువు, టీకాలన్నీ వేయించుకున్న ఆరోగ్యమైన కుక్క రక్తం ఇవ్వగలదు. మీ ఇంట్లో అలాంటిది ఉంటే మీ డాక్టరు దగ్గర పేరు నమోదు చేయించి ఉంచండి.

వడదెబ్బ తగిలిన కుక్క సంగతి వేరు. చల్లబరిచాక లేచి నిలబడిందంటే బాగైపోయిందని అనుకోకూడదు. మూత్రపిండాలు, కాలేయం, రక్తం గడ్డకట్టే తీరు దెబ్బతిన్న సంగతి తర్వాత రెండు మూడు రోజుల్లో బయటపడవచ్చు. అందుకే మళ్లీ రక్తపరీక్షకు రమ్మంటారు, తప్పకుండా వెళ్లాలి. కడుపు మెలిపడి ఆపరేషన్ అయిన కుక్కకు మొదటి మూడు రోజుల్లో గుండె లయ తప్పే ప్రమాదం ఉంటుంది. ఫిట్స్ వచ్చిన కుక్క కొన్ని గంటలు, ఒక్కోసారి ఒకటి రెండు రోజులు కూడా దిక్కుతోచనట్టు తిరుగుతుంది, గోడకేసి చూస్తుంది. ఫిట్స్ మందు మొదలుపెట్టిన మొదటి రెండు వారాలు మత్తుగా తూలుతుంది. నొప్పి మందుల్లో కొన్నింటికీ మత్తుంటుంది. కాబట్టి డిశ్చార్జి కాగితం చేతికిచ్చేటప్పుడే, ఈ మందుల్లో నిద్ర తెప్పించేది ఏది, అది ఎన్నాళ్లు ఉంటుంది అని అడిగి కాగితం మీదే రాయించుకోండి. ఆ ఒక్క ప్రశ్న ఎన్నో రాత్రుల భయం తగ్గిస్తుంది. ప్రెడ్నిసొలోన్ లాంటి స్టెరాయిడ్ రాస్తే దాహం, ఆకలి, మూత్రం పెరుగుతాయి. మన ఇష్టానికి హఠాత్తుగా ఆపకూడదు.

ఇక తిండి. రోజుకు రెండు పూటలు తినే కుక్కకు ఇప్పుడు నాలుగైదు సార్లు కొంచెం కొంచెంగా పెట్టాలి. ఎముకలు తీసిన చికెన్ ఉడికించి, మెత్తటి అన్నంలో కలిపి, గోరువెచ్చగా పెడితే ఆ వాసనకే చాలా కుక్కలు తల ఎత్తుతాయి. ఉప్పు, కారం, మసాలా వద్దు. ఉల్లి, వెల్లుల్లి అసలే వద్దు, అవి ఎర్రరక్తకణాలను పగలగొడతాయి. రక్తం తగ్గిన కుక్కకు మన కూరలో అన్నం కలిపి పెట్టడం అందుకే ప్రమాదం. తినకపోతే సిరంజితో పోయడం సాధారణంగా చేస్తుంటారు. తల పైకెత్తి గొంతులోకి పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా వస్తుంది. తల మామూలుగా ఉంచి, బుగ్గ పక్కనుంచి చుక్కచుక్కగా, మింగాకే ఇంకొంచెం. సగం మత్తులో ఉన్న కుక్కకు అలా కూడా పోయకూడదు. ఒక రోజంతా ఏమీ తినకపోతే డాక్టరును అడగాలి. నీళ్లు కిలో బరువుకు రోజుకు 50, 60 మిల్లీలీటర్లు ఒంట్లోకి వెళ్లాలి. తిండిలో కలిసినవీ లెక్కలోకే వస్తాయి.

మన ఫ్లాట్లలో నున్నటి టైల్స్ నేల ఇంకో శత్రువు. కాళ్లలో సత్తువ లేని కుక్క ఒకసారి జారిపడితే మళ్లీ లేవడానికి భయపడుతుంది. పడక నుంచి నీళ్ల గిన్నె దాకా యోగా మ్యాట్లు పరిచేయండి. లేవలేని కుక్కను మూడు నాలుగు గంటలకోసారి పక్క మార్చాలి. లేకపోతే పుండ్లు పడతాయి, కింది ఊపిరితిత్తిలో నెమ్ము చేరుతుంది. మూత్రానికి తీసుకెళ్లేటప్పుడు పొట్ట కింద తువ్వాలు వేసి రెండు చివరలూ పట్టుకుని నడిపించండి. లిఫ్టులో కుక్కను ఎక్కించొద్దని సొసైటీవాళ్లు అడ్డుపడితే గొడవ పెట్టుకోకండి. లిఫ్టు వాడకుండా నివాసుల సంఘాలు నిషేధించకూడదని జంతు సంక్షేమ మండలి 2015లోనే చెప్పింది. ఆ కాగితం ఫోన్‌లో చూపించండి. జబ్బు పడి లేచిందని, కొన్నాళ్లు ఓపిక పట్టమని మంచిగా చెబితే వినేవాళ్లే ఎక్కువ.

వెంటనే బయల్దేరాల్సిన సూచనలు కొన్నున్నాయి. చిగుళ్లు తెల్లబడినా నీలంగా మారినా, నిద్రలో ఊపిరి నలభై దాటినా, పన్నెండు గంటలుగా మూత్రం పోయకపోయినా, పొట్ట ఉబ్బి వాంతి రాకుండా ఓకరిస్తున్నా, వేడి 104 దాటినా 99 కన్నా దిగినా, పిలిస్తే కన్ను తెరవకపోయినా, పొద్దున దాకా చూద్దామనుకోవద్దు. సాయంత్రం బయోడైవర్సిటీ జంక్షన్ దగ్గర ట్రాఫిక్ సంగతి మనకు తెలిసిందే. రాత్రిపూట తెరిచి ఉండే ఆసుపత్రి ఏది, ఏ దారిన వెళ్లాలి, తోడెవరొస్తారు అన్నది ముందే అనుకుని ఉండాలి. ప్రైవేటు ఖర్చు మోయలేనివాళ్లు పగటిపూట నారాయణగూడలోని ప్రభుత్వ సూపర్ స్పెషాలిటీ పశువైద్యశాలకు తీసుకెళ్లవచ్చు. బిల్లు చూసి భయపడి వైద్యం మధ్యలో ఆపేసినవాళ్లను నేను తప్పుపట్టను, కానీ ఈ దారి ఉందని తెలియక ఆపేస్తే మాత్రం ప్రాణం చివుక్కుమంటుంది.

అన్ని కుక్కలూ పాత కుక్కలైపోవు. మూత్రపిండాలు దెబ్బతిన్న కుక్క, వయసు మీద పడిన కుక్క ఆ తర్వాత ఎప్పటికీ కాస్త నెమ్మదిగానే ఉండిపోవచ్చు. మునుపటిలా దుర్గం చెరువు చుట్టూ మీతో పరుగెత్తకపోవచ్చు. దానికి నొప్పి లేకుండా, ఆకలి వేస్తూ, మీరు పక్కన కూర్చుంటే తల ఆనించేంత నెమ్మది ఉంటే అది మంచి బతుకే. అది కూడా లేదని, రోజుల తరబడి బాధే మిగిలిందని అనిపిస్తే, ఆ మాట డాక్టరుతో దాచుకోకుండా మాట్లాడండి. ఆ సంభాషణకు భయపడి కుక్కను నొప్పిలో ఉంచేయకూడదు.

కోలుకున్నవాటి విషయంలో తొందర వద్దు. మందు కోర్సు అయ్యాక రక్తపరీక్ష మళ్లీ చేయించి, ప్లేట్‌లెట్లు, ఎర్రకణాలు నిలకడగా ఉన్నాయని తెలిశాకే టీకాలు, దూరపు నడక. ఈలోగా ఇంట్లో గోమార్లను వదిలించాలి. ఇవి కుక్క మీద రక్తం తాగి రాలిపోయి, గోడల పగుళ్లలో, మంచం సందుల్లో గుడ్లు పెడతాయి. ఒక్కోటి వేలల్లో పెడుతుంది. కుక్కకు మాత్ర వేసి ఊరుకుంటే సరిపోదు, పడక గుడ్డలు వేడినీళ్లలో ఉతికి, మూలలన్నీ శుభ్రం చేయించాలి. మూలల్లో పురుగుల మందు కొట్టిస్తే కుక్కను దూరంగా ఉంచి, మందు ఆరాకే ఆ గదిలోకి రానివ్వాలి. కొండాపూర్‌లో జీహెచ్ఎంసీ 2018లో తెరిచిన డాగ్ పార్కుకు మీది వెళ్లేదైతే, నాలుగు కుక్కల మధ్యకు పంపేముందు చెవుల లోపల, వేళ్ల సందుల్లో, తోక మొదట్లో ఒకసారి వెతకండి. తిరిగొచ్చాక ఇంకోసారి వెతకండి. మొదటి నడక అయిదు నిమిషాలు, ఎండెక్కకముందే. ఏదో ఒకరోజు అదే బంతి నోట కరుచుకుని మీ కాళ్ల దగ్గరికొస్తుంది. ఆ రోజు కూడా రెండు మూడు విసుర్లతో ఆపేసి, నీళ్లు పెట్టి, అరగంట తర్వాత దాని చిగుళ్లు ఒకసారి చూడండి.